గేరు బాక్సు విప్పే ముందు

మీరు ఎప్పుడైనా జీపు ఎక్కారా? మేడారం జాతరకు పోయినవాళ్లు ఎక్కే ఉంటారు.

హనుమకొండలోని సుబేదారిలో ఒక ఇంట్లో పాత జీపు ఉంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. సంఘంలో అప్పు తీసి కొన్నారు. భర్త నడుపుతాడు. భార్య లెక్క రాస్తుంది. ఆమె ఈ మధ్యనే రాయడం నేర్చుకుంది.

జాతర పది రోజులు ఉందనగా జీపు మొరాయించింది. ఇంజను గట్టిగా అరుస్తుంది. బండి మెల్లగా పోతుంది. ఎత్తు ఎక్కనే ఎక్కదు.

"గేరు బాక్సు పోయింది. విప్పి పళ్ల చక్రాలన్నీ కొత్తవి వెయ్యాలె" అన్నాడు ఒక మెకానిక్కు.

ఆమె గుండె గుభేలుమంది. అప్పు ఇంకా తీరలేదు. బండి బాగుచేసే చోట ఆడవాళ్లను ఎవరూ అడగరు. అయినా ఆమె ఊరుకోలేదు. ట్రాక్టర్లు బాగుచేసే తమ్ముడిని పిలిపించింది.

"బావా, అప్పుడే పానా పట్టకు. ముందు చూద్దాం" అన్నాడు తమ్ముడు.

ఇంజను వెనుక క్లచ్చి ఉంటుంది. దాని వెనుక గేరు బాక్సు ఉంటుంది. క్లచ్చి ప్లేటు ఇంజనుతో కలిసి తిరగాలి. పట్టు జారితే ఇంజను ఒక్కటే తిరుగుతుంది. నూనె చేత్తో డబ్బా మూత తిప్పి చూడండి. చెయ్యి తిరుగుతుంది, మూత తిరగదు. ఇదీ అంతే.

తమ్ముడు క్లచ్చి పెడలును చేత్తో నొక్కాడు. మొదట కొంచెం వదులు ఉండాలి. అది లేదు. వదులు లేకపోతే కాలు తీసినా ప్లేటు పూర్తిగా పట్టదు. దాన్ని సరిచేశాడు. దీనికి కొత్త సామాను అక్కరలేదు. అయినా ఎత్తు దగ్గర జీపు మళ్లీ జారింది. మాడు వాసన వచ్చింది.

అప్పుడు బండిని చదునైన చోట నిలిపాడు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించాడు.

"అక్కా, పిల్లలను బండి ముందు నుంచి తియ్యి" అన్నాడు.

చేతి బ్రేకు గుంజాడు. పెద్ద గేరు వేసి క్లచ్చి మెల్లగా వదిలాడు. క్లచ్చి మంచిదైతే ఇంజను ఆగిపోవాలి. ఆగలేదు.

"గేరు బాక్సు కాదు బావా. క్లచ్చి ప్లేటు అరిగింది."

ప్లేటు మార్చాలంటే గేరు బాక్సు దించాలి. విప్పక్కరలేదు. దించడం వేరు, విప్పడం వేరు. ఖర్చులో తేడా అంతా ఇక్కడే ఉంది.

గేరు బాక్సు నిజంగా చెడితే గుర్తులు వేరు. వేసిన గేరు దానంతట అదే ఊడి వస్తుంది. లేదా ఒక్క గేరులోనే గరగర చప్పుడు వస్తుంది. అన్ని గేర్లలోనూ ఊళ పెడితే ముందు ఆయిలు చూడాలి. ఇంజను ఆపితే గేరు పడి, నడుస్తుంటే పడకపోతే మళ్లీ క్లచ్చినే చూడాలి.

జాతర దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఇసుకలో నాలుగు చక్రాల లివరు వేస్తారు. తారు రోడ్డు ఎక్కాక తీయడం మరుస్తారు. లివరు బిగుసుకుంటుంది. బండిని కొంచెం వెనక్కి నడిపితే చాలాసార్లు వదులుతుంది.

కొన్ని బండ్లకు క్లచ్చి పెడలే ఉండదు. గేర్లు వాటంతట అవే మారుతాయి. వాటిని ఆటోమేటిక్ బండ్లు అంటారు. వాటిలో కొన్నింటిలో ఇంజను బలాన్ని ఆయిలే అందిస్తుంది. ఆ ఆయిలు చాలా బండ్లలో ఎర్రగా ఉంటుంది. అది తగ్గితే గేరు వేసినా బండి ఆలస్యంగా కదులుతుంది. నల్లబడి మాడు వాసన వస్తే లోపలి ప్లేట్లు కాలాయేమో చూడాలి.

మూడో రోజుకు జీపు లేచింది. ఆమె పుస్తకంలో తేదీ వేసింది. ప్లేటు ధర ఒక వరుసలో, దించిన కూలి ఇంకో వరుసలో రాసింది. అరిగిన పాత ప్లేటును అడిగి ఇంటికి తెచ్చుకుంది.