మన ఊరు పెరిగిన తీరు – ఒక భూగోళ పాఠము

విద్యార్థులారా! భూగోళమనగానే మీకు సహారా ఎడారియు, అమెజాను నదియు జ్ఞప్తికి వచ్చును. మన బి. మల్లాపురము కూడ భూగోళములోనిదే. పేరు ముందున్న 'బి.' అక్షరము బొమ్మిడిని తెలుపును. ఏ ఊరిని గూర్చియైనను రెండు ప్రశ్నలు వేయవలెను: ఇక్కడనే ఏల వెలసినది? ఏ దిక్కునకు పెరిగినది?

మనకు దక్షిణమున సేర్వరాయన్ కొండలు, తూర్పున చిత్తేరి కొండలు కలవు. నడుమనున్నది మెట్టనేల. సేర్వరాయన్ కొండలలో పుట్టిన వాణియారు ఈ తాలూకా గుండా పోయి దక్షిణ పెన్నలో కలియును. కొండవాలున కురిసిన వాన పల్లమునకు దిగుచోట బావులు ఊరును; బావి ఉన్నచోట పల్లె నిలుచును. ఇది మొదటి ప్రశ్నకు సమాధానము.

రెండవదానికి రైలు దారిని చూడవలెను. మదరాసు నుండి పడమటి తీరమందలి బేపూరు వరకు 1862 నాటికి రైలు మార్గము పూర్తియైనది. అది ధర్మపురిని తాకక, మొరప్పూరు, బొమ్మిడి మీదుగా వచ్చి, లోకూరు కొండల నడుమ సేలమునకు దిగినది. ధర్మపురికి 1906లో మొరప్పూరు నుండి చిన్న పట్టాల బండి వేసిరి. 1913లో హోసూరు దాక పొడిగించిరి. యుద్ధకాలమున అదియు పోయినది. మన స్టేషను మాత్రము నిలిచినది. చింతపండు, కర్రపెండలము అమ్ముకొనువాడు బండి ఆగుచోటికే వచ్చును. వాని వెనుక అంగడి, అంగడి వెనుక ఇల్లు.

ఇంగ్లండులో మార్కెట్ హార్‌బరో అను సంత పట్టణము కలదు. అచ్చట 1614లో కొయ్య స్తంభములపై ఒక బడి కట్టిరి. క్రింద వెన్న సంత, పైన పాఠములు! ఆ బేరముల సద్దులో పాఠము చెప్పిన ఉపాధ్యాయుని గొంతు ఎంతటిదో! 1850లో రైలు వచ్చినది. సంతవీధి నడుమ నిలిచియుండగా ఇండ్లు చుట్టునున్న పొలములలోనికి ప్రాకినవి. అట్టి పట్టణములలో ప్రభువు ఒక్కమారే ఇండ్ల స్థలములను పొడవుగా కొలిచి ఇచ్చుట వాడుక. మనకు అట్లు కాదు. 1792లో బారామహలు కుంపిణీ వశమైన పిమ్మట రీడు, మన్రో దొరలు రైతు రైతునకు భూమి కొలిచి శిస్తు కట్టిరి. నేటికిని ఒక్కొక్క రైతు చేనే విడివిడిగా ఇండ్ల స్థలములగుచున్నది. మన వీధులు కొన్ని ఎచ్చటికిని పోక ఆగిపోవుటకు ఇదియే కారణమని నాకు తోచును.

ఇందులో మనకు ఒక నష్టము కలదు. మన తాలూకా కేంద్రము పాపిరెడ్డిపట్టి. రైలులో బొమ్మిడికి ప్రక్క స్టేషను బుద్దిరెడ్డిపట్టి. రెడ్డి మనమాట, పట్టి ఇరుగుపొరుగువారి మాట. రెండును కలిసి ఊరి పేరైనవి. ఇవి పటములో ఉన్నవి గనుక నిలుచును. కాని చేలకు, బావులకు, దిన్నెలకు ఇంట పెద్దలు పిలుచు తెలుగు పేర్లు ఏ పటములోను లేవు. చేను 'నగర్' అయిన దినముననే దాని పేరు పోవును.

కావున ఈ సెలవులలో మీ వీధి పటమును గీయుడు. ఉత్తరము పైకుండవలెను. నూరు అడుగులకు ఒక అంగుళము చాలును. ముందుగా వాన నీరు పారు కాలువను గీసి, తరువాతనే ఇండ్లను గీయుడు. ఇల్లు అడ్డముగా ఉన్నను నీరు తన దారిని మరువదు. మీ తాతను, అవ్వను అడిగి, మీ ఇల్లున్న చేనికి పూర్వమున్న పేరును వారు పలికినట్లే తెలుగులో వ్రాయుడు. బడి తెరచిన దినమున తెండు. అన్నింటిని ఒకచోట అతికింతము.