జెంట్రిఫికేషన్: మారుతున్న వాడ, ఇరుగుపొరుగు, నేరభయం

నగరం నడిబొడ్డున పాతబడిన ఒక వాడ. అద్దెలు తక్కువ. ఉండేవాళ్లలో ఎక్కువమంది కార్మికులు, చిరుద్యోగులు, వలస వచ్చిన కుటుంబాలు. కొన్నేళ్లకు అక్కడికి మంచి జీతాలున్న యువ ఉద్యోగులు రావడం మొదలవుతుంది. పాత ఇళ్లకు మరమ్మతులు జరుగుతాయి, కాఫీ షాపులు వెలుస్తాయి, అద్దెలు ఎగబాకుతాయి. ఆ అద్దె కట్టలేక మొదటినుంచీ ఉన్నవాళ్లు ఊరి చివరకు వెళ్లిపోతారు. ఈ మొత్తం మార్పునే జెంట్రిఫికేషన్ అంటారు. సివిల్స్‌లో సోషియాలజీ, జాగ్రఫీ ఆప్షనల్‌గా తీసుకున్నవారికీ, గ్రూప్-1 మెయిన్స్‌లో పట్టణీకరణపై వ్యాసం రాసేవారికీ ఇది అవసరమైన అంశం.

చాలామంది అభ్యర్థులు దీన్ని లాభాలు, నష్టాలు అని రెండు జాబితాలుగా బట్టీపట్టి వదిలేస్తారు. అలా చదివితే కీలకమైన ప్రశ్న చేజారుతుంది. ఆ వాడలో కొత్తగా ఇల్లు తీసుకున్న కుటుంబానికి భద్రత ఎవరివల్ల వస్తుంది? చాలాసార్లు అక్కడ ముప్పై నలభై ఏళ్లుగా ఉంటున్న ఇరుగుపొరుగు వల్లే. పెరిగిన అద్దె ముందుగా వెళ్లగొట్టేది కూడా వాళ్లనే. ఈ వైరుధ్యం పట్టుబడితే అంశం మొత్తం పట్టుబడినట్టే.

పుట్టుక, సిద్ధాంతాలు

ఈ మాటను 1964లో బ్రిటన్ సోషియాలజిస్ట్ రూత్ గ్లాస్ తొలిసారి వాడారు. లండన్‌లో ఇస్లింగ్టన్ వంటి కార్మికవాడల్లోకి మధ్యతరగతి వచ్చి చేరడాన్నీ, పాత నివాసులు ఖాళీ చేయాల్సి రావడాన్నీ ఆమె నమోదు చేశారు. కారణాల విషయంలో రెండు వాదాలున్నాయి. మొదటిది జాగ్రఫర్ నీల్ స్మిత్ 1979లో చెప్పిన 'రెంట్ గ్యాప్'. ఒక స్థలం మీద ఇప్పుడు వస్తున్న రాబడికీ, అక్కడ కొత్తగా కడితే రాగల రాబడికీ మధ్య తేడా బాగా పెరిగినప్పుడు పెట్టుబడి అటువైపు మళ్లుతుందని ఆయన వివరణ. రెండోది డేవిడ్ లే వాదన. సేవారంగంలో ఎదిగిన కొత్త మధ్యతరగతి అభిరుచి, ఆఫీసుకు దగ్గరగా నగరం మధ్యలోనే ఉండాలన్న కోరిక ఈ మార్పును నడిపిస్తాయని ఆయన అంటారు. సమాధానంలో ఇద్దరినీ రాయండి. అయితే పెట్టుబడి వాదం లేకుండా రాసిన జవాబు సగమే అవుతుంది. ఒక వాడ దశాబ్దాలపాటు ఎందుకు చౌకగా పడి ఉందో అభిరుచి వాదం చెప్పలేదు.

వాషింగ్టన్‌లో షా: దగ్గరగా చూడాల్సిన ఉదాహరణ

అమెరికా రాజధానిలో షా, యూ స్ట్రీట్ ప్రాంతం ఒకప్పుడు నల్లజాతి అమెరికన్ల వ్యాపారాలకు, సంగీతానికి కేంద్రం. 'బ్లాక్ బ్రాడ్‌వే' అన్న పేరుండేది. హోవర్డ్ యూనివర్సిటీ పక్కనే ఉంటుంది. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగాక చెలరేగిన అల్లర్లలో నగరంలో వెయ్యికి పైగా భవనాలు దెబ్బతిన్నాయి. సెవెన్త్ స్ట్రీట్, ఫోర్టీన్త్ స్ట్రీట్ దుకాణాలు చాలావరకు కాలిపోయాయి. స్తోమత ఉన్న తెల్లవారే కాదు, నల్లజాతి మధ్యతరగతి కూడా శివార్లకు వెళ్లిపోయింది. 1950లో 8 లక్షలున్న నగర జనాభా 2000 నాటికి 5.72 లక్షలకు పడిపోయింది. క్రాక్ కొకైన్ రోజుల్లో, 1991 ప్రాంతంలో, ఏడాదికి 480 దాకా హత్యలు జరిగేవి.

అదే 1991లో యూ స్ట్రీట్, షా స్టేషన్లకు మెట్రో వచ్చింది. పక్కనే ఉన్న కొలంబియా హైట్స్‌కు 1999లో వచ్చింది. తర్వాత పదిహేనేళ్లలో కట్టడాలు, అద్దెలు, మనుషులు మారిపోయారు. 1970లో నగర జనాభాలో 71 శాతం ఉన్న నల్లజాతివారి వాటా 2011 నాటికి సుమారు 50 శాతానికి తగ్గిపోయింది. 2000-2013 మధ్య వాషింగ్టన్‌లో జెంట్రిఫికేషన్ దేశంలోకెల్లా తీవ్రంగా సాగిందనీ, 20,000 మందికి పైగా నల్లజాతివారు తమ వాడలు వదలాల్సి వచ్చిందనీ 2019లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క చెప్పింది. హత్యలు 2012లో 88కి తగ్గాయి. అయితే 2023లో మళ్లీ 274కు చేరాయి. వాడలోకి డబ్బు వస్తే నేరం శాశ్వతంగా పోతుందనే వాదనకు ఈ రెండో అంకె గట్టి జవాబు.

ఒక మూల సంగతి చూద్దాం. సెవెన్త్ స్ట్రీట్, ఫ్లోరిడా అవెన్యూ కలిసేచోట ఒక ఫోన్ల దుకాణం ఉంది. 1995 నుంచి దాని గుమ్మం బయట స్పీకర్‌లో వాషింగ్టన్ సొంత సంగీతం 'గో-గో' మోగుతూనే ఉండేది. డ్రమ్ములు ఆగకుండా సాగే ఆ సంగీతం వింటూనే బస్సు కోసం నిలబడేవారు, అక్కడే కబుర్లాడేవారు. 2019 ఏప్రిల్‌లో, దగ్గర్లోని కొత్త అపార్ట్‌మెంట్ నివాసి ఒకరి నుంచి అభ్యంతరం రావడంతో స్పీకర్ ఆగిపోయింది. వెంటనే వందలాది మంది వీధిలోకి వచ్చారు. అర్జీ మీద సుమారు 80,000 సంతకాలు పోగయ్యాయి. కొద్దిరోజుల్లోనే పాట తిరిగి మొదలైంది. 2020లో గో-గోను నగర అధికారిక సంగీతంగా చట్టమే ప్రకటించింది. కొత్తవారి దృష్టిలో అది చప్పుడు. పాతవారికి మాత్రం అది ఆ మూల ఇంకా తమదేనని చెప్పే గుర్తు. సాంస్కృతిక స్థానభ్రంశం అన్న పదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మనిషి ఇల్లు వదలకపోయినా వాడ అతణ్ని వదిలేయవచ్చు.

పలకరింపు చేసే పని

షా వంటి వాడల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. వీధివైపు మన అరుగుల్లా మెట్లుంటాయి. సాయంత్రమైతే పెద్దవాళ్లు అక్కడే కూర్చుంటారు. దారినపోయేవాళ్లను పలకరించడం అక్కడి మర్యాద. కొత్తగా వచ్చినవారు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తల దించుకుని వెళ్లిపోతారన్నది పాత నివాసుల నోట తరచూ వినిపించే ఫిర్యాదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ భద్రత అంతా ఇక్కడే ఉంది. మెట్ల మీద కూర్చున్న పెద్దావిడకు వీధిలో ఎవరు ఎవరి పిల్లలో తెలుసు. గుమ్మం ముందు పార్సిల్ పడి ఉంటే తీసి లోపల పెడుతుంది. తెలియని మనిషి తలుపు దగ్గర తచ్చాడుతుంటే ఎవరు కావాలని అడుగుతుంది.

నగరాలపై రచనలు చేసిన జేన్ జేకబ్స్ 1961లోనే ఈ సంగతి రాశారు. న్యూయార్క్‌లో తానుండే హడ్సన్ స్ట్రీట్‌ను గమనించి, వీధి మీద ఉండే మామూలు మనుషుల చూపే మొదటి కాపలా అన్నారు. దాన్ని అంకెలతో పరీక్షించింది రాబర్ట్ శాంప్సన్ బృందం. షికాగోలో 343 నివాస ప్రాంతాల్లో 8,782 మందిని అడిగి 1997లో ఫలితాలు ప్రచురించారు. ఇరుగుపొరుగు ఒకరినొకరు నమ్ముతూ, బడి ఎగ్గొట్టి తిరిగే పిల్లలను మందలించడం వంటి పనులకు ముందుకొచ్చే చోట్ల హింస తక్కువగా ఉంది. పేదరికం తదితర అంశాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఇదే తేలింది. దీనికి వారు పెట్టిన పేరు 'కలెక్టివ్ ఎఫికసీ'. తెలుగులో రాసేవారు 'సామూహిక సామర్థ్యం' అని రాయవచ్చు. సోషియాలజీ పేపర్‌లో ఈ ఒక్క భావన సరిగ్గా వాడితే జవాబు స్థాయి మారుతుంది.

నేరం తగ్గాక వచ్చారా, వచ్చాక తగ్గిందా?

ఇక్కడ చాలామంది పొరపడతారు. సంపన్నులు వచ్చారు, నేరం తగ్గింది, కాబట్టి వాళ్లవల్లే తగ్గిందని రాస్తారు. ఇంగ్రిడ్ గోల్డ్ ఎలెన్, కెరెన్ హార్న్, డేవిన్ రీడ్ చేసిన అధ్యయనం చూపిన క్రమం వేరు. నగరాల్లో నేరాలు తగ్గడం మొదలయ్యాకే ఎక్కువ ఆదాయం, చదువు ఉన్నవారు ఆ వాడలవైపు మొగ్గారు. ఆ తగ్గుదలకు స్థానికుల శ్రమ కూడా ఒక కారణమని పాట్రిక్ షార్కీ పరిశోధన చెబుతోంది. నేరనివారణకూ, వాడ బాగుకూ పనిచేసే స్వచ్ఛంద సంస్థలు లక్ష జనాభాకు పది చొప్పున పెరిగితే హత్యల రేటు 9 శాతం తగ్గిందని ఆయన బృందం 2017లో తేల్చింది.

రెండో వైపు ఆధారాన్ని కూడా దాచకూడదు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్‌లో 1995లో అద్దె నియంత్రణ ఎత్తేశాక మొత్తం నేరాలు సుమారు 16 శాతం తగ్గాయని డేవిడ్ ఆటర్ బృందం చూపింది. అంటే ప్రభావం రెండు దిశల్లోనూ ఉంది. నా అభిప్రాయంలో న్యాయమైన ముగింపు ఇది: తగ్గిన నేరం అందరికీ మేలే. కానీ గడ్డుకాలంలో అక్కడే నిలబడి దాన్ని తగ్గించినవారికి ఆ మేలు అనుభవించే అవకాశం దక్కకపోవడం అన్యాయం.

భయం ఎక్కడ, ప్రమాదం ఎక్కడ

చదువుకని అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులు అద్దె తక్కువని ఇలాంటి వాడల్లోనే గది చూసుకుంటారు. ఇంటినుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఏరియా సేఫేనా?" అని. ఆ ఆందోళన న్యాయమైనదే. అయితే నేరం వాడ అంతటా సమానంగా పరుచుకుని ఉండదు. లారెన్స్ షెర్మన్ 1989లో మినియాపొలిస్ లెక్కలు తీస్తే, పోలీసులకు వచ్చిన ఫోన్లలో సగం కేవలం 3 శాతం చిరునామాల నుంచే వచ్చాయి. ఒక మూల, ఒక సందు, ఒక మద్యం దుకాణం. అందుకే వాడ పేరు విని వెనకడుగు వేయడం కన్నా, ఆ వీధిలో ఏ మూల జాగ్రత్తగా ఉండాలో పక్కింటివారిని అడగడం మేలు. వాళ్లకు తెలిసినంత మ్యాపులకు తెలియదు.

ఎలైజా ఆండర్సన్ 1990లో ఫిలడెల్ఫియా వాడల గురించి రాస్తూ రెండు రకాల నడవడిని వేరు చేశారు. కొత్తవారు మొదట కొన్ని మోటు సూత్రాలు పట్టుకుంటారు. నల్లజాతి కుర్రాడు ఎదురైతే రోడ్డు దాటేయడం వాటిలో ఒకటి. దీన్ని ఆయన వీధి మర్యాదసూత్రాలుగా చెప్పారు. కాలం గడిచేకొద్దీ కొందరు మనిషిని మనిషిగా, సందర్భాన్ని సందర్భంగా చదవడం నేర్చుకుంటారు. అది వీధి జ్ఞానం. ఆ కుర్రాడి వైపు నుంచి ఆలోచించండి. పుట్టి పెరిగిన వీధిలోనే అతన్ని చూసి మనుషులు పక్కకు తప్పుకుంటున్నారు.

భయం పోలీసులకు ఫోన్‌గా మారినప్పుడు పరిణామాలు ఇంకా పెద్దవి. జేమ్స్ క్యూ. విల్సన్, జార్జ్ కెల్లింగ్ 1982లో చెప్పిన 'బ్రోకెన్ విండోస్' సిద్ధాంతం చిన్న అక్రమాలను ఉపేక్షిస్తే పెద్ద నేరాలకు దారితీస్తుందంటుంది. న్యూయార్క్ పోలీసులు 1994 నుంచి దీన్ని గట్టిగా అమలుచేశారు. దారినపోయేవారిని ఆపి తడిమి చూసే పద్ధతి అక్కడ అమలైన తీరు రాజ్యాంగ విరుద్ధమని 2013లో ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది.

చట్టాల కోణం

వాషింగ్టన్ బ్లూమింగ్‌డేల్‌లోని బ్రయంట్ స్ట్రీట్ ఇళ్ల దస్తావేజుల్లో, నల్లజాతివారికి అమ్మరాదన్న షరతు ఉండేది. అలాంటి షరతులను కోర్టులు అమలుచేయకూడదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు 'హర్డ్ వర్సెస్ హాడ్జ్' కేసులో చెప్పింది. అప్పు ఇవ్వకూడని వాడలను మ్యాపులో ఎర్రరంగుతో గుర్తించే 'రెడ్‌లైనింగ్' 1930ల నుంచి సాగింది. నీల్ స్మిత్ చెప్పిన తేడా ఏర్పడటానికి ఇది పెద్ద కారణం. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్షను నిషేధించింది. వాషింగ్టన్ 1980లో తెచ్చిన చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, యజమాని భవనం అమ్మదలిస్తే ముందుగా కొనే అవకాశం అద్దెకున్నవారికి ఇవ్వాలి. స్థానభ్రంశానికి పరిష్కారాలు అడిగితే ముందు దీన్ని రాయండి.

హర్డ్ కేసుతో పోలికకు మన దేశంలో 2005 జొరాస్ట్రియన్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ తీర్పు చదవాలి. సొసైటీ సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోవడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. ఎక్కడైనా నివసించే హక్కునిచ్చే ఆర్టికల్ 19(1)(ఇ), పేవ్‌మెంట్ వాసుల జీవనోపాధిపై 1985 ఓల్గా టెల్లిస్ తీర్పు, పట్టణ స్థానిక సంస్థలపై 74వ రాజ్యాంగ సవరణ, 12వ షెడ్యూలు దీనికి జోడించండి.

ముంబయి, మనవాళ్లు

భారత ఉదాహరణకు ముంబయిలోని మిల్లుల వాడ గిరణ్‌గావ్ సరైనది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. చాలామంది మళ్లీ పనిలోకి వెళ్లలేకపోయారు. 1991 నగరాభివృద్ధి నిబంధనల్లో మిల్లు భూములను ప్రజా స్థలాలకు, చౌక ఇళ్లకు, యజమానులకు పంచాలని ఉంది. 2001 సవరణతో ప్రజల వాటా బాగా కుదించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు మాల్. ఆ మిల్లుల్లో మగ్గం నడిపినవారిలో తెలంగాణ పద్మశాలీలు ఎందరో ఉన్నారు. కామాఠీపుర పేరే తెలుగునేల నుంచి కూలికి వెళ్లిన కామాఠీల మీద వచ్చింది. ఇప్పుడు ఆ ప్రాంతమూ పునర్నిర్మాణ జాబితాలో ఉంది.

మాదిరి ప్రశ్న

"నేరాల తగ్గుదల జెంట్రిఫికేషన్ ఫలితమే. విమర్శనాత్మకంగా పరిశీలించండి." దీన్ని 250 పదాల్లో రాయాలంటే నిర్వచనానికి రెండు వాక్యాలు మించొద్దు. తగ్గుదల ముందా, రాక ముందా అన్న చర్చను మధ్యలో పెట్టి ఎలెన్, ఆటర్ అధ్యయనాలను ఎదురెదురుగా నిలపండి. తర్వాత శాంప్సన్ భావనతో ఇరుగుపొరుగు పాత్రను చెప్పండి. భారత ఉదాహరణగా ముంబయి ఎంచుకుంటే, పునరావాసం కాగితాలున్నవారికే అందుతుందన్న విషయం తప్పక రాయండి. అక్కడి మురికివాడల పథకంలో ఉచిత ఇంటికి 2000 జనవరి 1 నాటికే ఉన్నట్టు రుజువు చూపాలి. ఆ తర్వాత వచ్చిన కూలీకి ఆ ఉచిత ఇల్లు రాదు.