పసుపు కాగితం మీద ఎర్ర బొమ్మ

ప్రశ్న: మా అమ్మాయి మూడో తరగతి. ఇంట్లో ఉన్న వస్తువులతోనే సైన్సు ప్రయోగాలు చేయించాలని ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: వంటింట్లో పసుపు డబ్బాతో మొదలుపెట్టండమ్మా. చెంచాడు పసుపు కాసిన్ని నీళ్లలో చిక్కగా కలిపి, తెల్ల కాగితానికి పూసి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. పుల్లకు దూది చుట్టి, ఒంటిసబ్బు నానిన నీళ్లలో ముంచి, పాపను బొమ్మ గీయమనండి. గీసిన చోటల్లా ఎర్రబడుతుంది. దానిమీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపే!

పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే పాత రంగుకొస్తుంది. సబ్బునీళ్లు క్షారం, నిమ్మరసం ఆమ్లం. హారతికి ఎర్రనీళ్లు కలిపే అమ్మమ్మలు చేసేదీ ఇదే; అక్కడ సబ్బుకు బదులు సున్నం. పిల్లల చేతికి మాత్రం సున్నం ఇవ్వొద్దు, కంట్లో పడితే ప్రమాదం.

ఈ కారణం మీరే ముందుగా చెప్పేయకండి. పెరుగు, చింతపండు రసం, వంటసోడా నీళ్లు, ఉప్పునీళ్లు వరసగా పెట్టి, ఏది ఎర్రబరుస్తుందో ముందే ఊహించి రాసుకోమనండి. ఊహ తప్పినప్పుడే అసలు సరదా. ఉప్పునీళ్లకు రంగు మారదు. కొన్ని షాంపూలకూ మారదు, ఎందుకంటే అవి క్షారాలు కావు. అది చూసి ప్రయోగం చెడిందనుకోకండి.

అన్నట్టు, పాపకు పాత గౌను వేయండి. పసుపు మరక ఓ పట్టాన వదలదు.