చెరకు తోటలో తేమ సెన్సర్లు: ప్యాకెట్ పరిమాణం – సమాచార ప్రసార సామర్థ్యం

జహీరాబాద్ ప్రాంతంలో చెరకు, అల్లం, ఆలుగడ్డ వంటి పంటలకు బోరుబావుల నీరే ప్రధాన ఆధారం. నీరు పరిమితంగా లభించే చోట నేలలోని తేమను కొలిచి, ఆ మేరకే డ్రిప్ ద్వారా తడి ఇవ్వడం మేలు. ఇందుకు తేమ సెన్సర్లను స్వల్పదూర వైర్‌లెస్ ద్వారా గేట్‌వేకు అనుసంధానిస్తారు. సెన్సర్ ఎంత కచ్చితమైనదైనా అది పంపిన విలువ గేట్‌వేకు చేరకపోతే తడి నిర్ణయం ఊహకే మిగులుతుంది. ఈ చేరికను ప్రభావితం చేసే అంశాలలో ప్యాకెట్ పరిమాణం ఒకటి.

ప్రతి ప్యాకెట్‌పై పడే స్థిర భారం

జిగ్బీ వంటి వ్యవస్థలకు మూలమైన ఐఇఇఇ 802.15.4 ప్రమాణం 2003లో వెలువడింది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో దీని నామమాత్రపు వేగం సెకనుకు 250 కిలోబిట్లు. అనగా ఒక బైటుకు 32 మైక్రోసెకన్లు. ఫ్రేమ్ గరిష్ఠ పరిమాణం 127 బైట్లు. పొట్టి చిరునామాలు వాడినప్పటికీ చిరునామా, దోష పరీక్ష, సమకాలీకరణ నిమిత్తం ప్రతి ప్యాకెట్‌కు 17 బైట్లు అదనం. ఛానల్ ఖాళీ కోసం నిరీక్షణ, అందినట్లు రసీదు, ఫ్రేముల మధ్య విరామం కలిపి సగటున మరో 2.6 మిల్లీసెకన్లు పడుతుంది. బస్తా ఒకటైనా పదైనా ట్రాక్టరు కిరాయి ఒకటే అయినట్లు, ఈ భారం ప్యాకెట్ పరిమాణంతో మారదు.

సెన్సర్ సంఖ్య, సమయం, తేమ, ఉష్ణోగ్రత, బ్యాటరీ వోల్టేజీ కలిగిన ఒక కొలత 10 బైట్లలో ఇముడుతుందనుకుందాం. దోషాలు లేని ప్రసారంలో 10 బైట్ల ప్యాకెట్‌తో సెకనుకు సుమారు 23 కిలోబిట్లు, 40 బైట్లతో 72, 100 బైట్లతో 126 కిలోబిట్ల ఉపయుక్త సమాచారం చేరుతుందని లెక్క తేలుతుంది. ఈ పరిస్థితిలో ప్యాకెట్ పెద్దదైన కొద్దీ లాభమే.

సంకేతం బలహీనపడినప్పుడు

ప్యాకెట్‌లో ఒక్క బిట్ చెడినా మొత్తం ప్యాకెట్ తిరస్కరించబడుతుంది. వెయ్యి బిట్లకు సగటున మూడు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడుతున్నాయని, రసీదులు మాత్రం చెడవని భావిస్తే, తొలి ప్రయత్నంలో 10 బైట్ల ప్యాకెట్లు 52 శాతం, 40 బైట్లవి 25 శాతం, 100 బైట్లవి కేవలం 6 శాతం చేరుతాయి. ఉపయుక్త వేగం వరుసగా 12, 18, 7.5 కిలోబిట్లు. వేగం దృష్ట్యా మధ్యస్థ పరిమాణమే ఉత్తమం.

అయితే పొలానికి వేగం కన్నా చేరిక ముఖ్యం. ప్రమాణం ప్రకారం విఫలమైన ప్యాకెట్‌ను సాధారణంగా మరో మూడు సార్లు పంపుతారు. ఆ తరువాత కూడా చేరే అవకాశం 10 బైట్లకు 95 శాతం, 40 బైట్లకు 69, 100 బైట్లకు 22 శాతం మాత్రమే. అరగంటకొక కొలత చొప్పున పది కొలతలను ఒకే ప్యాకెట్‌లో పంపితే, అది పోయినప్పుడు ఐదు గంటల సమాచారం ఒక్కసారిగా లోపిస్తుంది.

క్షేత్రస్థాయి అన్వయం

చెరకు పిలక దశలో సాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది. సంకేతానికి ఆటంకం తక్కువ. ఎదుగుదల దశలో ఆకులు కమ్ముకొని, వాటిలోని నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను క్షీణింపజేస్తుంది. నీటి అవసరం అధికంగా ఉండేదీ ఆ దశలోనే. కావున నాటినప్పుడు నిర్ణయించిన ప్యాకెట్ పరిమాణాన్ని పంటకాలమంతా కొనసాగించరాదు.

• పిలక దశలో కొన్ని కొలతలను కలిపి పంపితే రేడియో పనిచేసే సమయం, బ్యాటరీ ఖర్చు తగ్గుతాయి.
• ఆకులు కమ్మిన తరువాత కట్టను తగ్గించి, తడి నిర్ణయానికి కావలసిన తాజా కొలతను విడిగా పంపాలి.
• ప్యాకెట్లకు వరుస సంఖ్యలు ఇచ్చి, గేట్‌వేలో లోపించిన సంఖ్యలను వారానికొకసారి లెక్కించాలి.
• నష్టం పెరిగితే ముందుగా యాంటెనాను పైరు కన్నా ఎత్తుకు చేర్చాలి.

సెన్సర్ల పనితీరును నివేదించేటప్పుడు విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ప్యాకెట్ పరిమాణాన్నీ, పంట దశనూ, చేరిన కొలతల శాతాన్నీ కలిపి నమోదు చేయడం అవసరం. ఈ మూడూ లేనిదే ఒక పొలంలోని ఫలితాన్ని మరొక పొలానికి అన్వయించడం సాధ్యం కాదు.