ముందు వెనుకలైన పేరు

ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో ఏదేని బడి హాజరుపట్టీని తెఱచి చూడుడు. పేర్లకు ముందు ఒకటి రెండు పొడి అక్షరములు కనబడును. అవి ఇంటిపేరునకు గుర్తులు. పెట్టిన పేరు వాని తరువాత వచ్చును. పులివెందుల వారగు వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి పేరులోని తొలి అక్షరములు 'యెడుగూరి సందింటి' అను ఇంటిపేరువి. జనుల నోట ఆ అక్షరములే ఆయన పేరైనవి.

అమెరికాలో ఈ వరుస తిరుగబడును. అచ్చట మనిషి పేరు ముందు, వంశనామము వెనుక. చదువునకై పోయిన మనవారికి చిక్కు అచ్చటనే మొదలగును.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920 దశకపు తొలినాళ్లలో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు ఏగిరి. యల్లాప్రగడ ఇంటిపేరు. కాని అచ్చటివారు చివరనున్న సుబ్బారావునే వంశనామముగా గ్రహించిరి. భాస్వరమును రంగు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని ఆయన 1925లో ఫిస్కేతో కలసి ప్రకటించగా, అది 'ఫిస్కే-సుబ్బారావు పద్ధతి' యని ప్రసిద్ధి కెక్కెను. వింత చూడుడు! ఫిస్కే యనునది వంశమునకు చెందిన పేరు. సుబ్బారావు తల్లిదండ్రులు బిడ్డకు పెట్టుకొన్న పేరు. ప్రయోగశాలలలో రెండును జంటగా నిలిచినవి. ఆయన 1948లో గతించిన పిదప, 1953లో ఒక శిలీంధ్రమునకు 'సుబ్బరోమైసిస్' అని పేరిడిరి.

అందఱికిని అట్టి భాగ్యము కలుగదు. పాస్‌పోర్టులో వంశనామపు గడిని ఖాళీగా విడిచి, పేరంతయు ఒకే గడిలో వ్రాసినచో, అమెరికా వీసాలో ఆ పేరు వంశనామమగును. సొంత పేరుండవలసిన చోట 'ఎఫ్.ఎన్.యు.' అను అక్షరములు చేరును. మొదటి పేరు తెలియదని వాని యర్థము. తరగతిలో అధ్యాపకుడు వానిని కూడబలికి 'ఫ్నూ' అని పిలిచెననుకొనుడు. ప్రొద్దుటూరి ఓబులేసు పలుకవలెనా, మిన్నకుండవలెనా? అహోబిలపు స్వామి పేరు పెట్టుకొన్న పిల్లవాడు పేరు లేనివాడెట్లగును?

నోరు తిరుగమి ఒక్క అమెరికా వారి లోపము కాదు. అహోబలేశుని ఓబులేసుగా మార్చినది మన నోరే. 1800 నుండి 1807 వఱకు కడప సీమతో కూడిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో పేరును గూడ మనవారు తమ బిడ్డలకు పెట్టుకొనిరి. అయితే ఆ పేరును వారు కుదింపలేదు. 'అప్ప' చేర్చి, 'మన్రోలప్ప' యని పొడిగించిరి.