చలికాలంలో కొప్పు మరమ్మతు

ఆదిలాబాద్ జిల్లాలో చలి ఎక్కువ. డిసెంబరు, జనవరి నెలల్లో చాలా రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తగ్గుతుంది. పొద్దున లేచి చూస్తే ఇంటి పెంకులు మంచుతో తడిసి ఉంటాయి.

ఆ జిల్లాలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక బెంగుళూరు పెంకుల ఇల్లు. ఇంట్లో అత్త, కోడలు ఉంటారు. నడింట్లో పత్తి కుప్ప పోసి ఉంది. ఏడాది కష్టమంతా ఆ కుప్పే.

జనవరి మొదట్లో ఒక రాత్రి మబ్బు పట్టింది. వాన పడింది. కొప్పు నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పత్తి మీద పడ్డాయి. అత్తాకోడళ్లు రాత్రంతా పత్తిని పక్కకు లాగారు.

పత్తికి తడి తగిలితే ధర పోతుంది. తేమ 8 శాతం లోపల ఉంటేనే పూర్తి మద్దతు ధర. తేమ పెరిగిన కొద్దీ ధర కోస్తారు. 12 శాతం దాటితే పత్తి సంస్థ వాళ్లు కొననే కొనరు.

తెల్లారి కోడలు నిచ్చెన ఎక్కి చూసింది. ఇంటి రెండు వాలులు పైన కలిసే చోటు కొప్పు. అక్కడ బోర్లించిన పెంకులు కొప్పు పెంకులు. వాటి అంచుల కింద సిమెంటు మాలు పెడతారు. ఆ మాలు పగిలి ఊడిపోయింది. ఒకచోట వేలు దూరేంత సందు ఉంది.

"అత్తమ్మా, మేస్త్రిని పిలుస్త. పొద్దుగూకే లోపల మాలు పెట్టిద్దాం" అంది.

"తొందరపడకు బిడ్డా. పోయినేడు గట్లనే మాపటిపూట పెట్టించినం. అదే ఇప్పుడు ఊడింది" అంది అత్త.

అత్త మాట నిజం. సిమెంటు ఎండకు ఎండి గట్టిపడదు. నీళ్లతో కలిసి గట్టిపడుతుంది. చలిలో ఆ పని నెమ్మదిగా జరుగుతుంది. 5 డిగ్రీల కంటే చలి పెరిగితే దాదాపు ఆగిపోతుంది. సాయంత్రం పెట్టిన మాలు రాత్రంతా పచ్చిగానే ఉంటుంది. తెల్లారి పొడిగాలి దానిలోని నీళ్లు లాగేస్తుంది. మాలు గట్టిపడక ముందే ఆరిపోతుంది. అప్పుడు గీరితే పొడి రాలుతుంది. కశ్మీరులో ఇంకా కష్టం. అక్కడ మాలులోని నీళ్లే గడ్డ కడతాయి. గడ్డ కట్టిన నీళ్లు ఉబ్బి మాలును లోపలి నుంచే పగలగొడతాయి.

కోడలు సిమెంటుకు దుకాణానికి పోయింది. సగం బస్తా చాలు. దుకాణదారు ఒక విప్పిన బస్తా చూపించాడు. కోడలు బస్తా మీద అచ్చు వేసిన అంకెలు చదివింది. 30వ వారం అని ఉంది. కింద పోయిన సంవత్సరం ఉంది.

ఏడాదికి 52 వారాలు. 30వ వారం అంటే జులై నెల. ఇప్పుడు జనవరి. వేళ్ల మీద లెక్క పెట్టింది. అయిదు నెలలు దాటింది. సిమెంటు మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది. విప్పిన బస్తాకు గాలి తగిలితే ఇంకా తగ్గుతుంది.

"ఇది పాతది. నాకొద్దు" అంది.

"గట్టిగనే ఉంది చెల్లె, తీస్కపో" అన్నాడు అతను.

"బస్తాలో గట్టిగ ఉంటే ఏం లాభం అన్నా? కొప్పు మీద గట్టిగ ఉండాలె" అంది కోడలు. అతను గొణుక్కుంటూ 49వ వారం బస్తా విప్పాడు.

మరునాడు మేస్త్రి పది గంటలకు వచ్చాడు. పెంకుల మీద మంచు ఆరిన తరువాతే ఎక్కాడు. తడి పెంకు మీద కాలు జారుతుంది. పెంకు నడిమిన తొక్కితే విరుగుతుంది. అందుకని పలక వేసుకుని దాని మీద కూర్చున్నాడు.

పాత మాలంతా ఉలితో తీశాడు. దుమ్ము దులిపాడు. పెంకుల అంచులు నీళ్లతో తడిపాడు. పొడి పెంకు మాలులోని నీళ్లు తాగేస్తుంది. కింద కోడలు మాలు కలిపింది. ఒక తట్ట సిమెంటు, ఒక తట్ట సున్నం, ఆరు తట్టల కడిగిన ఇసుక. సిమెంటు ఎక్కువ పోస్తే గట్టి అని చాలామంది అనుకుంటారు. కొప్పు మీద అలాంటి మాలే తొందరగా పగుళ్లిస్తుంది. సున్నం, సిమెంటు చేతిని కాలుస్తాయి. కోడలు చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుంది, పారతో కలిపింది.

రెండు గంటలకు పని ఆపారు. ఇంకా ఎండ ఉంది. మాలు కొంచెం బిగిసింది. పొద్దుగూకక ముందే గోనె సంచులు కప్పి, గాలికి లేవకుండా తాడుతో కట్టారు.

తరువాత రోజూ ఎండెక్కినాక కోడలు సంచులు తీసి నీళ్లు చల్లేది. మధ్యాహ్నం ఇంకోసారి చల్లేది. సాయంత్రం చల్లేది కాదు. మామూలుగా ఏడు రోజులు తడుపుతారు. చలి కనుక పది రోజులు తడిపింది. అత్త వాకిట్లో పత్తి ఆరబోసింది.

పదకొండో రోజు కోడలు కొప్పు మీద నాలుగు బిందెల నీళ్లు పోసింది. అత్త ఇంట్లో కూర్చుని పైకి చూసింది. కొప్పు కింద చుక్క కూడా రాలేదు. పడమటి మూల మాత్రం తడి కనబడింది. అక్కడ మాలు బాగానే ఉంది. పెంకే చిట్లింది. పాత పెంకుల కుప్పలో మంచిది ఒకటి వెదికి, కోడలు మళ్లీ నిచ్చెన వేసింది.