కరెంటు ఆపకండి, నోటీసు పంపండి

ప్రశ్న: రాజమండ్రిలో మా పై వాటా నోటిమాట మీద అద్దెకిచ్చాను. మూడు నెలలుగా అద్దె లేదు. కరెంటు ఆపేయమంటున్నారు చుట్టాలు. ఆపొచ్చా?
– ఓ గృహిణి

జవాబు: వద్దమ్మా. కరెంటు, నీళ్లు ఆపినా, తాళం వేసినా తప్పు మీ మీదికొస్తుంది. బాకీ ఎగ్గొట్టినవాడే ఫిర్యాదు చేస్తాడు! అసలు చిక్కు కాగితం లేకపోవడమే. ముందు బాకీ లెక్క రాసి, గడువు పెట్టి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. కట్టి ఉంటానంటే 11 నెలల ఒప్పందం రాయించి, అద్దె బ్యాంకు ఖాతాకే వేయమనండి. ఆంధ్రప్రదేశ్‌లో 11 నెలల ఒప్పందానికైనా రిజిస్ట్రేషన్ తప్పదు. ఖాళీ చేయించాలంటే, నెలవారీ అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్పేది 15 రోజుల నోటీసు. దాన్ని వకీలుతోనే రాయించండి. గడువు దాటినా కదలకపోతే కోర్టే దారి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. రాజమండ్రిలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి.